బుడ్డోడి మెడలో బిళ్ల

మొక్కిన యాటను కట్టెయ్యకూడదు. పోచమ్మకు ఇస్తానని నోటితో అన్నాక ఆ మేకపోతు ఇక అమ్మవారిది, దాని మెడకు తాడు వేస్తే అమ్మవారి మెడకు వేసినట్టే అని శంషాబాద్ పక్క ఊళ్లలో పెద్దలు చెబుతారు. చెప్పడానికి వాళ్లకేం, ఎన్నయినా చెబుతారు. తిరిగే మేక వెనక తిరగాల్సింది రుక్కమ్మ కదా.

ఊరున్న రోజుల్లో ఈ కట్టుబాటుతో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మొక్కు మేక ఎవరి చేనులో పడ్డా అదిలించేవారే గాని కొట్టేవారు కాదు. పొద్దుగూకేసరికి అదే ఇల్లు చేరేది. ఇప్పుడు ఆ ఊరే లేదు. సగం భూమి విమానాశ్రయం గోడ లోపలికి పోయింది, మిగిలిన సగంలో ప్లాట్ల రాళ్లు మొలిచాయి. జనం కొందరు రాజేంద్రనగర్‌కు, కొందరు బుద్వేల్‌కు, కొందరు కొత్తూరు ఫ్యాక్టరీల పక్కకు చెదిరిపోయారు. రుక్కమ్మ మాత్రం శంషాబాద్ అంచున ఖాళీ ప్లాట్ల నడుమ రెండు గదుల రేకుల ఇంట్లో ఉండిపోయింది. అటు పోతే లారీలు, ఇటు పోతే విమానం అందుకోవాలని దూసుకొచ్చే టాక్సీలు. ఆ మధ్యలో కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగే మేకపోతు ఒకటి.

దాని పేరు బుడ్డోడు. మొక్కు మేకకు పేరు పెట్టకూడదని కూడా పెద్దలే చెబుతారు. ఆ తప్పు మటుకు రుక్కమ్మది కాదు, ఆమె మొగుడు రాములుది.

రాములు కడుపులో గడ్డతో పట్నం దవాఖానలో పడి ఉన్నప్పుడు, వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని రుక్కమ్మ మొక్కుకుంది. "తల్లీ పోచమ్మా, నా మొగన్ని నడిపిచ్చుకుంట ఇంటికి తోలు, నీకు యాటనిస్త" అని. రాములు నడుచుకుంటూనే ఇంటికొచ్చాడు. ఒంట్లోకి కాస్త సత్తువ రాగానే కొత్తూరు అంగడికి పోయి, టీవీఎస్ బండి ముందర సంచిలో కూర్చోబెట్టుకుని ఒక నల్ల మేకపిల్లను తెచ్చాడు. సంచిలోంచి తల బయటపెట్టి అది బిత్తరచూపులు చూస్తుంటే, "ఏందిరా బుడ్డోడా, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు. అంతే, పేరు పడిపోయింది. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఇక గడప దగ్గర కూర్చుని వాడికి జొన్నరొట్టె ముక్కలు తినిపించడమే రాములుకు పని అయిపోయింది. మళ్లీ వానలు పడకముందే గడ్డ తిరగబెట్టింది. ఈసారి దవాఖాన నుంచి అతను నడిచి రాలేదు.

చావు జరిగిన ఇంట్లో ఆ యేడు బోనం ఎత్తరు. అట్లా బుడ్డోడికి ఒక యేడు కలిసొచ్చింది. మొగుడు పోవడం వల్ల మేకకు ఆయుష్షు పెరిగిందన్న ఆలోచన ఎప్పుడైనా మెదిలితే రుక్కమ్మ గబుక్కున చెంపలేసుకునేది. మళ్లీ పోయి వాడి పక్కనే కూర్చునేది.

రుక్కమ్మ పని చేసేది కుక్కల హాస్టల్లో. నవ్వకండి, నిజంగానే ఉంది అట్లాంటిది. విమానమెక్కి దేశాలు తిరిగేవాళ్లు తమ కుక్కల్ని తీసుకుపోలేరు కదా, వచ్చేదాకా వదిలిపెట్టే చోటు అది. బోర్డు మీద ఇంగ్లీషులో మంచి పేరే ఉంది గాని, చుట్టుపక్కలవాళ్లకు అది కుక్కల హాస్టలే. గదులు కడగడం, అన్నం కలిపి పెట్టడం ఆమె పని. దాన్ని నడిపే జీవన్ గుంటూరు వైపు మనిషి, చీపురు పట్టుకున్న ఆడమనిషిని కూడా గారు అనే రకం. ఆయన "రుక్కమ్మగారూ" అని పిలిస్తే మొదట్లో ఆమె, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేది.

అట్లాంటి చోట ఒక్క కుక్క తప్పిపోయినా కొంప మునుగుతుంది. అందుకని జీవన్ ప్రతి కుక్క మెడపట్టీకీ ఒక రేడియో బిళ్ల తగిలించేవాడు. రూపాయి బిళ్లంత ఉంటుంది. చేతిలోని రిమోట్ మీద మీట నొక్కితే ఆ బిళ్ల సన్నగా కీచుమంటుంది. దూరంగా ఉంటే రిమోట్ మీద ఎర్ర దీపం, దగ్గరపడితే పసుపు, పక్కనే ఉంటే పచ్చ. మరీ ఊళ్లు దాటిపోతే దొరకదు గాని, నాలుగు ప్లాట్ల అవతల పొదలో నక్కినా పట్టిస్తుంది.

ఒకరోజు రుక్కమ్మ ఉబ్బిన కళ్లతో పనికొచ్చింది. ముందురోజు పొద్దుగూకినా బుడ్డోడు ఇల్లు చేరలేదు. వెతికి వెతికి తల ప్రాణం తోకకొచ్చాక, పెద్ద రోడ్డు నడిమధ్య నాటిన పూలచెట్లను తీరిగ్గా మేస్తూ కనబడ్డాడు. అటొక లారీ, ఇటొక లారీ. దాటించి ఇంటికి తెచ్చేసరికి అర్ధరాత్రి అయింది.

"తాడు కట్టేయొచ్చు కదండీ రుక్కమ్మగారూ?" అన్నాడు జీవన్.

"మొక్కిన యాట సార్. కట్టెయ్యొద్దు."

ఆయన బీరువాలోంచి ఒక పాత సెట్టు తీశాడు. రిమోట్ అద్దం పగిలింది గాని దీపాలు వెలుగుతున్నాయి. బిళ్లలు రెండున్నాయి, దేని మీట దానికే. "ఇది తాడు కాదు కదా. అమ్మవారికి అభ్యంతరం ఉండదు లెండి" అన్నాడు, అమ్మవారిని అడిగొచ్చినంత నమ్మకంగా.

రుక్కమ్మ ఒక బిళ్లను తాళంచెవికి కట్టుకుంది, ఎందుకంటే తాళంచెవి ఎక్కడో పెట్టి ఇల్లంతా గాలించడం ఆమెకు నిత్యం ఉన్నదే. రెండోదాన్ని ఎర్ర గుడ్డపట్టీకి కుట్టి బుడ్డోడి మెడలో వేసింది. వేసి, మీట నొక్కింది. మెడ కింద కీచుమనగానే వాడు ఎగిరిపడ్డాడు. చెవిలో జోరీగ దూరినట్టు తల విదిలించాడు. ఆ విదిలింపు మెడ మీంచి వెన్ను మీదుగా తోక కొస దాకా పాకింది. రుక్కమ్మ పకపకా నవ్వింది. రాములు పోయాక ఆమె నవ్వు ఆమెకే వినబడడం అదే మొదలు. ఇంకోసారి నొక్కింది. వాడు ఇంకోసారి ఒళ్లంతా జాడించాడు. పాపం అనిపించి రొట్టె ముక్క పెట్టింది. అప్పట్నుంచి కీచుమన్నప్పుడల్లా వాడు ఒళ్లు జాడించి రొట్టెకోసం తలెత్తేవాడు.

మొదట్లో వాడు కనబడనప్పుడే మీట నొక్కేది. తర్వాత తర్వాత ఊరికే నొక్కడం అలవాటైంది. అన్నం వండుతూ నొక్కేది. బయట గోడ పక్కనుంచి కీచుమనేది. "ఉన్నవా రా?" అని తనే అడిగి, "ఉన్నడు" అని తనే చెప్పుకునేది. రోజంతా కుక్కలతో, సాయంత్రం నుంచి గోడలతో ఉండే మనిషికి, పిలిస్తే తిరిగి పలికే ప్రాణి ఒకటుందంటే అది చిన్న సంగతి కాదు. చుట్టుపక్కల కిరాయికి దిగేవాళ్లు మొహం గుర్తుపట్టే లోపే ఖాళీ చేసి పోయేవారు. ఆమె బొటనవేలికి మటుకు ఆ మీట ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలిసేది. మనసులో ఏ కొంచెం గుబులు పుట్టినా వేలు దానంతటదే అక్కడికి పోయేది. పొద్దున పనికి రాగానే జీవన్ "మీవాడు పలుకుతున్నాడా?" అని అడిగేవాడు. "పలుకుతుండు సార్" అనేది. ఆ రెండు ముక్కలే ఆమె రోజులో ముచ్చట.

శ్రావణం వచ్చింది. దాంతోపాటు బుద్వేల్ నుంచి ఆడబిడ్డ అనంతమ్మ వచ్చింది. రాములుకు అక్క, నోరున్న మనిషి, తల్లి తర్వాత తల్లిలా తమ్ముణ్ణి పెంచిన మనిషి.

"ఆదివారం బోనాలు. యాట తయ్యారేనా?" అంది, గడపలో చెప్పులు విప్పుతూనే.

"ఇంక జర చిన్నగున్నది వదినె."

అనంతమ్మ బుడ్డోడి వైపు చూసింది. వాడు వంకీలు తిరిగిన కొమ్ములతో, జానెడు గడ్డంతో, నిండుగా నిలబడి నెమరు వేస్తున్నాడు. "చిన్నగున్నదా? దీని మనుమలు చిన్నగుంటరు గని ఇదెందుకు చిన్నగుంటది?" అంది.

రుక్కమ్మ నేల చూస్తూ మనసులో మాట అనేసింది. "మనిషి బతకాలెనని మొక్కిన వదినె. మనిషే లేకపాయె. ఇగ మొక్కేంది?"

"నువ్వేమని మొక్కినవ్? నడిపిచ్చుకుంట ఇంటికి తోలుమన్నవ్. తోలిందా, లేదా? నూరేండ్లియ్యమని నువ్వు అడగకపోతివి. అమ్మ తన మాట నిలబెట్టుకున్నది, నువ్వు నిలబెట్టుకో." గట్టిగానే మొదలుపెట్టిన అనంతమ్మ అక్కడికొచ్చేసరికి గడప మీద కూలబడింది. "మొక్కు తీరకపోతే పైన వాడు పరేషాన్ అయితడు రుక్కమ్మా. నిద్రల కనబడుతున్నడు నాకు. అక్కా, నా బాకీ తీర్చకపోతిరి అంటున్నడు. నీకు మేక ముద్దొచ్చింది. నాకు నా తమ్ముడు గావాలె."

దవాఖాన వరండాలో తను ఏమడిగిందో రుక్కమ్మ ఒక్కొక్క మాటే తలచుకుంది. మొగుడు బతకాలని అడగాల్సింది పోయి, ఇంటిదాకా నడిచొస్తే చాలంది. అడగడం కూడా చేతకాని దాన్నయ్యానని లోపల లోపలే కుమిలిపోయింది.

జీవన్‌తో చెబితే, "ఆదివారం వాణ్ణి ఇక్కడే వదిలేయండి, తప్పిపోయాడని చెప్పండి. ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు.

"అమ్మకు తెలుస్తది సార్."

కానీ రుక్కమ్మకు ఒక ఆశ ఉంది. వాళ్ల ఊరి కట్టు ప్రకారం యాటను అమ్మవారి ముందు నిలబెట్టి పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు జాడిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. దాన్నే జడ్తి ఇవ్వడమంటారు. మూడుసార్లు చల్లినా జాడించకపోతే అమ్మకు అక్కర్లేదన్నట్టే, దాని బదులు కోడిని కోసి యాటను వదిలేస్తారు. కొత్త కోడలిగా వచ్చిన యేడు అట్లా వదిలేసిన ఒక యాటను రుక్కమ్మ కళ్లారా చూసింది. అది ముసలిదై, పళ్లూడి, ఊరందరి చేతి ముద్ద తిని పోయింది. అప్పుడు ఇక మొక్కూ తీరినట్టే, రాములుకూ బాకీ ఉండదు, బుడ్డోడూ ఉంటాడు. ఆ వారమంతా ఆమె పోచమ్మను అడిగింది ఒక్కటే. ఈసారి మాటలు ఏరుకుని మరీ అడిగింది. "నీళ్లు చల్లినప్పుడు వాన్ని కదలనియ్యకు తల్లీ."

ఆదివారం పొద్దు వాలుతుండగా గుడి దగ్గర జనం పోగయ్యారు. ఊరు పోయినా గుడి మిగిలింది. సర్వీసు రోడ్డుకూ ఏదో హోటలు కాంపౌండు గోడకూ నడుమ, వేపచెట్టు కింద నడుమెత్తు గది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఆ ఒక్కరోజు ఆటోల్లో, బండ్ల మీద దిగుతారు. "మంచిగున్నవా రుక్కమ్మా?" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపు వెనకున్న ఇంకొకరిని పలకరిస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఒక్కరోజులో ఎంతమందిని పలకరించాలి! అయినా అంతమంది తన వాళ్ల మధ్య నిలబడి, ఇంట్లో కంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది రుక్కమ్మకు.

బుడ్డోడికి నొసట బొట్టు పెట్టారు, మెడలో బంతిపూలు, వేపమండలు కట్టిన దండ వేశారు. అనంతమ్మ చెయ్యి ఎర్రపట్టీకి తగిలింది. "ఇదేంది? తీసెయ్యి."

"ఉండనీ వదినె. గిన్ని దినాలసంది ఉన్నది, గదొక్కటి ఉండనీ."

ఆ గొంతులో ఏం వినబడిందో, అనంతమ్మ దండ సర్ది పట్టీని కప్పేసింది. రిమోట్ రుక్కమ్మ నడుము దగ్గర, చీర మడతలో ఉంది. తేవాలని తేలేదు. తాళంచెవితో పాటు అదెప్పుడూ అక్కడే ఉంటుంది.

కొలుపులు చేసే బైండ్లాయన తన తీగ వాద్యం జమిడిక వాయిస్తూ అమ్మవారి పుట్టుక పాడాడు. పక్కన డప్పులు అందుకున్నాయి. ఆయన వేపమండతో పసుపునీళ్లు తీసి బుడ్డోడి వెన్ను మీద మొదటిసారి చల్లాడు. బుడ్డోడు నాలుక చాపి మూతి మీద పడ్డ నీళ్లు నాకాడు. జనం నవ్వారు. రెండోసారి చల్లాడు. అప్పుడే నెత్తిన విమానం ఒకటి చక్రాలు కనబడేంత కిందుగా, చెవులు చిల్లులు పడేట్టు పోయింది. పుట్టినప్పటి నుంచి ఆ మోత కిందే మేసిన బుడ్డోడు చెవి కూడా కదపలేదు. దండలోంచి ఒక బంతిపువ్వు లాగి నమిలాడు.

"అమ్మకు ఇష్టం లేనట్టున్నది" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

కదలకు బుడ్డోడా, కదలకు కొడకా అని రుక్కమ్మ లోలోపల వేడుకుంది. ఎదురుగా అనంతమ్మ కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి, సరిగ్గా దానికి తలకిందులుగా మొక్కుతోంది.

మూడోసారనేసరికి అందరూ చూడాలని ముందుకు తోసుకొచ్చారు. ఎవరిదో మోచెయ్యి తగిలి రుక్కమ్మ వెనక్కి పోయింది. ముందరంతా వీపులే, భుజాల మీద పిల్లలే. పొట్టి మనిషి, మునివేళ్ల మీద నిలబడ్డా ఏమీ కనబడలేదు. డప్పులు దడదడలాడాయి. నీళ్లు చల్లిన చప్పుడు ఆమెకు వినబడలేదు. ఉన్నట్టుండి డప్పులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

యాట జాడిస్తుందో లేదో చూడాలని బైండ్లాయన చెయ్యెత్తి ఆపించాడంతే. కానీ వీపుల వెనకున్న రుక్కమ్మకు అది తెలియదు. అట్లాంటి నిశ్శబ్దం ఆమె ఒకసారి విన్నది, దవాఖానలో, తెర అవతల, రాములు మంచం దగ్గర. అయిపోయిందా? ఉన్నడా, లేడా? ఆమె గుండెలో ఆ గుబులు పుట్టిందో లేదో, బొటనవేలు తనకు తెలిసిన చోటికి పోయింది. మీట నొక్కింది.

చీర మడతలో పచ్చ దీపం వెలిగింది. వీపుల అవతల, బంతిపూల కింద, సన్నగా కీచుమంది.

ఎవరిదో ఫోననుకున్నారు కొందరు. చాలామంది వినను కూడా లేదు. అందరి కళ్లూ బుడ్డోడి మీదే ఉన్నాయి. వాడు రొట్టె ముక్కకోసం తలెత్తి, చెవుల దగ్గర మొదలుపెట్టి, పసుపునీళ్లు నలుదిక్కులా చిమ్మేట్టు తోక కొస దాకా ఒళ్లు జాడించాడు.

జనం ఒక్క పెట్టున కేక వేశారు. డప్పులు మళ్లీ మోగాయి. రుక్కమ్మ "ఆగుండ్రి" అని అరిచింది. గొంతు చించుకుని అరిచింది. ఆ మోతలో ఆ మాట ఆమె చెవులకే సరిగా చేరలేదు. వీపుల్ని తోసుకుని, చీల్చుకుని ముందుకు పోయేసరికి చూడాల్సింది ఏమీ మిగల్లేదు.

అనంతమ్మ వచ్చి ఆమెను కావలించుకుంది. భోరుమని ఏడుస్తూనే నవ్వుతోంది. "ఒప్పుకున్నది రుక్కమ్మా, అమ్మ ఒప్పుకున్నది! చూసినవా, ఎట్ల జాడిచ్చిండో? నా తమ్ముడు గట్టెక్కిండు." రాములు పోయాక ఆ మొహంలో అంత నెమ్మది రుక్కమ్మ చూడలేదు. చెబుదామని నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఒప్పుకున్నది అమ్మ కాదు, నేనే పిలిచాను అనా? ఆ మాట అంటే ఈ నెమ్మది చచ్చిపోతుంది, పోయిన మేక మటుకు తిరిగి రాదు. రుక్కమ్మ నోరు మూసుకుని ఆడబిడ్డ వీపు నిమిరింది.

వెలుగు పోకముందే ఆటోలు కదిలాయి. మొక్కిన మనిషి వాటా అని మోదుగాకుల్లో కట్టిచ్చిన పొట్లాన్ని ఆమె అనంతమ్మ సంచిలోనే పెట్టేసింది. "నువ్వు ఇంటికి రారాదు, రెండు దినాలుండి పోదువు" అంది అనంతమ్మ. "పనున్నది వదినె" అంది. ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయాక, గుడి దగ్గర వేపచెట్టూ, ఆమే మిగిలారు.

ఎర్రపట్టీ ఎవరు తీశారో, ఎక్కడ పారేశారో తెలియదు. రుక్కమ్మ రిమోట్ తీసి నొక్కింది. పసుపు దీపం వెలిగింది. గుడి వెనక్కి నడిచింది. పచ్చది వెలిగింది. తొక్కిపడేసిన దండలు, వేపమండల కుప్పలోంచి కీచుమంది. చేత్తో కుప్పను కెలికి పట్టీని బయటకు తీసింది. గుడ్డ తడిగా ఉంది, పసుపు వాసన వేస్తోంది. దాన్ని పట్టుకుని వచ్చి అమ్మవారి ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఈ సంగతి చెప్పుకోడానికి ఆమెకు లోకంలో ఇంకెవరూ లేరు.

"నీకు జడ్తి ఇయ్యలే తల్లీ వాడు" అంది. "మూడుమాట్లు నీళ్లు పోసినా నీకు ఇయ్యలే. నేను పిలిస్తే పలికిండు."

పోచమ్మ కుంకుమ మొహంతో, వెండి కళ్లతో చూస్తూనే ఉంది. రుక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పట్టీని కొంగు కొసన ముడేసుకుని లేచింది.

సర్వీసు రోడ్డు పక్కనే నడుస్తుంటే ఎదురుగా ఒక లారీ హారన్ కొట్టింది. ఆమె వేలు అలవాటు చొప్పున మడతలోకి పోయి మీట నొక్కింది. ఆమె నడుము దగ్గరే, కొంగు ముడిలోంచి కీచుమంది. రుక్కమ్మ ఆగి, పక్కకు చూసింది. తర్వాత రిమోట్ వెనక మూత తీసి, బ్యాటరీని పిడికిట్లో పట్టుకుని ఇంటి వైపు నడిచింది.